రైలు వెంటనే ఎందుకు ఆగదు?

ఇంట్లో అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే, ఆ వెంటనే మొదలయ్యేది రైలు టికెట్ల వెతుకులాట. విశాఖపట్నం నుంచి జమ్మూకు, సికింద్రాబాద్ నుంచి గువాహటికి, అక్కడి నుంచి మరో ఊరికి! పదో తరగతికి వచ్చేసరికి మీలో చాలామంది వేల కిలోమీటర్లు రైల్లో తిరిగి ఉంటారు. కిటికీ పక్కన కూర్చున్న అన్ని గంటలూ మీరు ఒక పెద్ద ఫిజిక్స్ ల్యాబ్‌లో ఉన్నట్టే. పుస్తకంలో వేర్వేరు పాఠాలుగా కనిపించే చలనం, బలం, శక్తి, విద్యుత్తు రైల్లో ఒకే చోట పనిచేస్తుంటాయి. మీరు ఇంగ్లిషులో చదివే ఆ పాఠాలను ఈసారి తెలుగులో, రైలు సాయంతో చూద్దాం. ఇవి మార్కులకు మాత్రమే కాదు, పట్టాల దగ్గర ప్రాణాలు కాపాడుకోవడానికి కూడా పనికొస్తాయి.

వేగాన్ని మీరే కొలవండి

కరెంటు తీగలను మోసే స్తంభాలు పట్టాల పక్కన వరుసగా ఉంటాయి. ప్రతి స్తంభం మీదా రెండు సంఖ్యలు రాసి ఉంటాయి. ఒకటి కిలోమీటరు సంఖ్య, రెండోది ఆ కిలోమీటరులో ఆ స్తంభం వరుస సంఖ్య. కిలోమీటరు సంఖ్య 432 నుంచి 433కి మారిన క్షణం గడియారం చూసుకోండి. 434కి మారినప్పుడు మళ్లీ చూడండి. మధ్యలో గడిచిన సెకన్లతో 3600ను భాగిస్తే రైలు వేగం గంటకు ఇన్ని కిలోమీటర్లని వస్తుంది. 40 సెకన్లు పట్టిందనుకోండి, వేగం గంటకు 90 కిలోమీటర్లు. దాన్ని 5తో గుణించి 18తో భాగిస్తే సెకనుకు 25 మీటర్లు. అంటే మీరు ఒకసారి ఆవలించి నోరు మూసేలోగా రైలు వంద మీటర్లు దాటిపోవచ్చు.

జడత్వం అంటే మొండితనమే

ఇంగ్లిషులో ఇనర్షియా అని చదివేదాన్నే తెలుగులో జడత్వం అంటారు. ఆగి ఉన్న వస్తువు ఆగే ఉండాలని, కదిలే వస్తువు అదే వేగంతో, అదే దిశలో కదులుతూనే ఉండాలని చూస్తుంది. బయటి నుంచి బలం పనిచేస్తేనే ఆ స్థితి మారుతుంది. న్యూటన్ 1687లో ప్రచురించిన గ్రంథంలో చెప్పిన మొదటి చలన నియమం ఇదే.

రైలు కదలగానే నిలబడిన వాళ్లు వెనక్కి తూలుతారు. కాళ్లు పెట్టెతో పాటు ముందుకు వెళ్తాయి, శరీరం మాత్రం ఇంకా ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. రైలు నిలకడైన వేగంతో తిన్నగా పోతున్నప్పుడు ఒక నాణేన్ని పైకి ఎగరేయండి. అది వెనక పడిపోదు, మీ చేతిలోకే వస్తుంది. ఎందుకంటే నాణేనికి కూడా రైలు వేగం ముందే ఉంది.

ఇదే నియమం ప్లాట్‌ఫారం మీద ప్రమాదకరంగా మారుతుంది. రైలు పూర్తిగా ఆగకముందే దిగేవాడి కాళ్లు నేలను తాకి ఆగిపోతాయి, కాని శరీరం రైలు వేగంతోనే ముందుకు పోతుంది. దాంతో బోర్లా పడతాడు. పక్కనే ప్లాట్‌ఫారానికీ పెట్టెకూ మధ్య సందు ఉంటుంది. "నెమ్మదిగానే పోతోంది కదా" అనుకునే వేగం కూడా మనిషిని పడేయడానికి చాలు.

ఆగడానికి ఎంత దూరం కావాలి?

లెక్క తేలిక కావడానికి, 1000 టన్నుల రైలు ఒకటి గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. అంటే సెకనుకు 30 మీటర్లు. బ్రేకు వేస్తే దాని వేగం ప్రతి సెకనుకూ అర మీటరు చొప్పున తగ్గుతుందనుకుందాం. ఇదే రుణ త్వరణం. 30 నుంచి సున్నాకు రావడానికి 60 సెకన్లు పడుతుంది. ఆ నిమిషంలో సగటు వేగం సెకనుకు 15 మీటర్లు. కాబట్టి రైలు ఆగేలోగా 900 మీటర్లు ముందుకు వెళ్తుంది. దాదాపు ఒక కిలోమీటరు!

ఇప్పుడు ఒక మనిషి 300 మీటర్ల దూరంలో పట్టాలు దాటుతున్నాడు. అతణ్ని చూసిన క్షణంలోనే లోకో పైలట్ బ్రేకు వేశాడు. రైలు అతని దగ్గరికి వచ్చేసరికి ఎంత వేగంతో ఉంటుంది? తొలి వేగం వర్గం 900. అందులోంచి రెండు రెట్ల త్వరణాన్ని దూరంతో గుణించి తీసేయాలి, అంటే 300. మిగిలింది 600. దాని వర్గమూలం సుమారు 24.5. అంటే గంటకు 88 కిలోమీటర్లు. బ్రేకు గట్టిగా పట్టుకుని ఉన్నా, 300 మీటర్ల తర్వాత కూడా రైలు 88 కిలోమీటర్ల వేగంతో ఉంది! "డ్రైవర్ చూస్తాడులే, ఆపుతాడులే" అనే ధీమాకు ఈ లెక్కలో చోటు లేదు. చూస్తాడు, బ్రేకూ వేస్తాడు. కాని రైలు ఆగదు. పక్కకు తిప్పుకోవడానికి దానికి స్టీరింగూ లేదు.

ఇంకో విషయం. మనకు ఎదురుగా వస్తున్న పెద్ద వస్తువు వేగాన్ని కన్ను సరిగ్గా అంచనా వేయలేదు. దూరంలో ఉన్న రైలు మెల్లగా వస్తున్నట్టే కనిపిస్తుంది.

మరి గట్టిగా బ్రేకు వేయకూడదా?

న్యూటన్ రెండో నియమం ప్రకారం బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో గుణించినంత. 1000 టన్నులంటే పది లక్షల కిలోలు. సెకనుకు అర మీటరు చొప్పున వేగం తగ్గాలంటేనే ఐదు లక్షల న్యూటన్ల బలం కావాలి. అంత బలాన్నీ ఇవ్వాల్సింది చక్రానికీ పట్టాకూ మధ్య ఉండే ఘర్షణే.

ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం చాలా తక్కువ. అందుకే ఒక్క ఇంజిన్ ఇరవైకి పైగా పెట్టెలను లాగగలుగుతోంది. అయితే రబ్బరు టైరు రోడ్డును పట్టుకున్నంత గట్టిగా ఉక్కు ఉక్కును పట్టుకోదు. మరీ గట్టిగా బ్రేకు వేస్తే చక్రం తిరగడం మానేసి పట్టా మీద జారుతుంది. అప్పుడు పట్టు ఇంకా తగ్గుతుంది, చక్రమూ అరిగిపోతుంది. వానకు పట్టాలు తడిసినప్పుడు ఇబ్బంది మరింత ఎక్కువ. అందుకే ఇంజిన్లలో ఇసుక పెట్టెలు ఉంటాయి. అవసరమైనప్పుడు చక్రాల ముందు పట్టా మీద ఇసుక చల్లి పట్టు పెంచుతారు.

బ్రేకులోనూ ఒక తెలివైన ఏర్పాటు ఉంది. రైలు పొడవునా ఒక గొట్టంలో ఒత్తిడితో గాలి నింపి ఉంచుతారు. ఆ ఒత్తిడి ఉన్నంతసేపూ బ్రేకులు విడిచి ఉంటాయి. ఒత్తిడి తగ్గితే బ్రేకులు పడతాయి. చెయిన్ లాగినప్పుడు జరిగేది అదే, గొట్టంలోని గాలి బయటికి పోతుంది. పెట్టెల మధ్య లంకె తెగిపోయినా గొట్టం ఊడి గాలి పోతుంది, విడిపోయిన రెండు భాగాలకూ వాటంతటవే బ్రేకులు పడతాయి.

ఆ శక్తి అంతా ఎక్కడికి పోతుంది?

మన 1000 టన్నుల రైలు గతిజ శక్తి ఎంత? ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే 45 కోట్ల జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. కాబట్టి ఇది 125 యూనిట్లు. రోజుకు నాలుగు యూనిట్లు వాడే ఇంటికి నెల రోజుల కరెంటు! రైలు ఆగాలంటే అంత శక్తీ మరో రూపంలోకి మారాల్సిందే. మామూలు బ్రేకులో అది వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది.

ఇప్పటి మూడు ఫేజుల విద్యుత్ ఇంజిన్లు ఈ శక్తిలో కొంత వెనక్కి ఇస్తాయి. బ్రేకు వేసినప్పుడు మోటార్లు జనరేటర్లలా పనిచేసి కరెంటును పై తీగలోకి పంపుతాయి. ఇది ఘాట్ దారుల్లో బాగా ఉపయోగం. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ మార్గంలో శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. బైలాడిల గనుల ఇనుప ఖనిజం ఆ కొండల మీదుగా విశాఖకు దిగుతుంది. ఒక టన్ను బరువు వెయ్యి మీటర్లు దిగితే దాని స్థితిజ శక్తిలో తగ్గేది సుమారు కోటి జౌళ్లు, అంటే దాదాపు 2.8 యూనిట్లు. వేల టన్నుల గూడ్సు బండికి లెక్క వేసి చూడండి. ఘర్షణకూ ఇతర నష్టాలకూ పోయేది పోగా, మిగిలిన దానిలో కొంతైనా తిరిగి పట్టుకుంటే లాభమే కదా.

పైనున్న 25,000 వోల్టులు

మన దేశంలో మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు నడిచింది. అప్పుడు వాడింది 1,500 వోల్టుల డీసీ. ఇప్పుడు రైల్వే తీగల్లో ఉండేది 25,000 వోల్టుల ఏసీ. ఇంత ఎక్కువ ఎందుకు?

6,000 హార్స్‌పవర్ ఇంజిన్‌కు సుమారు 4,500 కిలోవాట్లు కావాలి. సామర్థ్యం అంటే వోల్టేజీని కరెంటుతో గుణించినంత. 1,500 వోల్టులతో అయితే 3,000 ఆంపియర్లు పారాలి. 25,000 వోల్టులతో అయితే 180 ఆంపియర్లు చాలు. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు సగమైతే నష్టం నాలుగో వంతు అవుతుంది. అందుకే తీగలో వోల్టేజీ ఎక్కువగా ఉంచి, ఇంజిన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి వాడుకుంటారు. పని ముగించిన కరెంటు చక్రాల ద్వారా పట్టాల్లోకి వెళ్తుంది.

ఆ తీగ మీద పిట్ట హాయిగా కూర్చుంటుంది. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి, వాటి మధ్య పొటెన్షియల్ భేదం దాదాపు లేదు. భేదం లేకపోతే కరెంటు పారదు. కాని ఆగి ఉన్న వ్యాగన్ పైకి ఎక్కిన మనిషి సంగతి వేరు. అతని కాళ్ల కింద ఉన్న ఉక్కు చక్రాల ద్వారా, పట్టాల ద్వారా భూమికి కలిసి ఉంది. తలపైన 25,000 వోల్టులు, ఇంట్లో ప్లగ్గు వోల్టేజీకి వంద రెట్లకు పైనే. తీగను తాకనక్కర్లేదు. చెయ్యో సెల్ఫీ స్టిక్కో దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు గాలి గుండానే దూకుతుంది. సెల్ఫీ కోసం వ్యాగన్ ఎక్కి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. బండి ఆగి ఉంది కాబట్టి తీగలో కరెంటు లేదనుకోవడమే వారు చేసిన పొరపాటు. బండి ఆగినా తీగ ఆగదు.

గుర్తుంచుకోవాల్సినవి

రైల్వే క్వార్టర్లలో, కంటోన్మెంట్లలో, స్టేషన్‌కు దగ్గరి కాలనీల్లో ఉండే పిల్లలకు పట్టాలు ఇంటి ముందు వీధి లాంటివే. కొత్త ఊళ్లో బడికి దగ్గర దారి పట్టాల మీదుగానే ఉందని తోటి పిల్లలు చెప్పవచ్చు. అప్పుడు ఆ 300 మీటర్ల లెక్క వాళ్లకు వేసి చూపించండి. వంతెన మీదుగానో, సబ్‌వే గుండానో వెళ్లండి. పట్టాల దగ్గర చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. బండి పూర్తిగా ఆగాకే దిగండి. వ్యాగన్లు ఎక్కకండి. తీగ తెగి కింద పడి ఉంటే దూరంగా ఉండి స్టేషన్ సిబ్బందికి గాని, 139 నంబరుకు గాని చెప్పండి. ఎవరికైనా షాక్ తగిలితే కరెంటు ఆపారని తెలిసేదాకా వారిని ముట్టుకోకండి.

ఈసారి బదిలీ మీద బయల్దేరినప్పుడు పెట్టెలో ఒక నోటుపుస్తకం, పెన్నూ పైకే ఉండేలా సర్దుకోండి. స్తంభాల మీది సంఖ్యలు రాసుకుంటూ, సెకన్లు లెక్కపెట్టుకుంటూ వెళ్తే కొత్త ఊరు ఎప్పుడు వచ్చిందో కూడా తెలియదు.