ఒంటి లైను మీద రెండు రైళ్లు

ఒకే లైను ఉన్న మార్గంలో ఎదురెదురుగా వచ్చే రైళ్లు ఒకదానినొకటి స్టేషనులోనే దాటాలి. మధ్యదారిలో ఎదురుపడితే ప్రమాదమే. అవి ఎక్కడ కలుస్తాయో ముందుగా తెలుసుకోవటం ఎలా? మీరు తరగతిలో నేర్చుకునే రేఖీయ సమీకరణాల జత ఇందుకు చాలు.

రెండు స్టేషన్ల మధ్య దూరం 60 కిలోమీటర్లు అనుకోండి. ఉదయం 6 గంటలకు పడమటి స్టేషను నుంచి ప్యాసింజరు గంటకు 40 కి.మీ. వేగంతోను, తూర్పు స్టేషను నుంచి గూడ్సు 20 కి.మీ. వేగంతోను బయలుదేరాయి. వేగాలు మారవనుకుందాం. 6 తరువాత గడచిన కాలం ‘క’ గంటలు, పడమటి స్టేషను నుంచి దూరం ‘ద’ కిలోమీటర్లు అయితే:

ప్యాసింజరుకు: ద = 40క
గూడ్సుకు: ద = 60 − 20క

గ్రాఫు కాగితం మీద అడ్డంగా కాలం, నిలువుగా దూరం గుర్తించండి. మొదటి సమీకరణంలో క = 0 అయితే ద = 0; క = 1½ అయితే ద = 60. ఈ రెండు బిందువులనూ కలపండి. రెండవ దానిలో క = 0 అయితే ద = 60; క = 3 అయితే ద = 0. వీటినీ కలపండి. గీతలు ఖండించుకునే చోట క = 1, ద = 40. ఆ బిందువు రెండు గీతల మీదా ఉన్నది కాబట్టి రెండు సమీకరణాలకూ అదే సాధన. అంటే 7 గంటలకు, 40వ కిలోమీటరు వద్ద రైళ్లు కలుస్తాయి. అక్కడ స్టేషను ఉంటే చిక్కు లేదు. ఉందనే అనుకుందాం.

గూడ్సు అరగంట ఆలస్యంగా బయలుదేరితే? సమీకరణం ద = 70 − 20క అవుతుంది. గీత అదే వాలుతో కుడికి జరుగుతుంది. ఖండన బిందువును మీరు క = 1.2, ద = 47 అని చదివారనుకోండి. ప్రతిక్షేపిస్తే ఒక సమీకరణం 48, మరొకటి 46 ఇస్తాయి! గ్రాఫు మీద చదివేది ఉజ్జాయింపు విలువ. రెండింటిలోనూ సరిచూడటం మరవకండి. లెక్కకట్టితే 7 గంటల 10 నిమిషాలకు, 46⅔ కి.మీ. వద్ద అని తేలుతుంది. అక్కడ స్టేషను లేదు. అందుచేత ప్యాసింజరును 40వ కిలోమీటరు వద్దనే 7.30 వరకు ఆపాలి. ఆగిన రైలు గ్రాఫులో అడ్డగీతగా కనిపిస్తుంది.

ఒకే దిశలో ఒకే వేగంతో, వేర్వేరు సమయాలలో బయలుదేరిన రైళ్ల గీతలు సమాంతరాలు. అవి కలవవు, సాధన లేదు.

పారిస్–లియాన్ రైళ్ల ఇటువంటి పటాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారే 1885 నాటి తన గ్రంథంలో చూపాడు. మన రైల్వే కంట్రోలు ఆఫీసులలోనూ ఇటువంటి చార్టులే వాడతారు. పూర్వం కాగితం మీద గీసేవారు, ఇప్పుడు కంప్యూటరు తెర మీద చూస్తున్నారు.

గూడ్సు గంటన్నర ఆలస్యమైతే ప్యాసింజరు దానికోసం దారిలో ఆగనక్కరలేదు. ఎందుకో మీరే గీసి చూడండి.