చిన్న పడవలలో వీహెచ్‌ఎఫ్ రేడియో

చిన్న పడవలలో వీహెచ్‌ఎఫ్ రేడియో అనగా తెప్పలు, ఫైబరు పడవలు, తెడ్డుతో నడిపే కయాక్‌ల వంటి వాటిలో మాట్లాడుటకు, వినుటకు ఉపయోగించే సముద్ర రేడియో. తీరానికి కొంత దూరం పోగానే సెల్‌ఫోను సిగ్నలు అందదు. ఫోను ఒకరికే వినిపిస్తుంది. రేడియోలో చేసిన పిలుపు ఆ పరిధిలో వింటున్న నౌకలన్నిటికీ వినిపిస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమ వద్ద తీరం దాటిన తుపానులో వేటకు వెళ్ళిన మత్స్యకారులు అనేకులు తిరిగి రాలేదు. పడవకూ ఒడ్డుకూ మధ్య కబురు నడవడం ఎంత అవసరమో దీనివలన తెలుస్తుంది.

== పరిధి ==

రేడియో కొనేవారు సాధారణంగా ముందుగా వాట్లు చూస్తారు. నిజానికి పరిధిని నిర్ణయించేది ముఖ్యంగా యాంటెన్నా ఎత్తు. వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగా ప్రయాణిస్తాయి గనుక భూమి వంపు వాటికి అడ్డు వస్తుంది. మీటర్లలో ఎత్తు యొక్క వర్గమూలాన్ని సుమారు 4.1తో గుణిస్తే రేడియో క్షితిజం కిలోమీటర్లలో వస్తుంది. కయాక్‌లో కూర్చున్న మనిషి చేతిలోని యాంటెన్నా నీటికి ఒక మీటరు ఎత్తున ఉంటే ఇది 4 కిలోమీటర్లు మాత్రమే. అటువంటి రెండు కయాక్‌ల మధ్య 8 కిలోమీటర్లకు మించి మాట అందదు. అలలు లేచినపుడు ఇంకా తగ్గుతుంది. ఒడ్డున 100 మీటర్ల కొండపై యాంటెన్నా ఉంటే అదే చేతిరేడియోకు లెక్క ప్రకారం 45 కిలోమీటర్లు వస్తుంది. 5 వాట్ల సెట్టు బదులు 25 వాట్లది పెట్టినా క్షితిజం జరగదు.

== యాంటెన్నా ==

సముద్ర వీహెచ్‌ఎఫ్ తరంగదైర్ఘ్యం సుమారు 1.9 మీటర్లు. కావున అర్ధతరంగ యాంటెన్నా మీటరు లోపు పొడవుంటుంది. చేతిరేడియోకుండే పొట్టి రబ్బరు యాంటెన్నా దానికంటె బలహీనమైనదే గాని, కయాక్‌లో మరొకటి అమర్చుట కష్టం. దానిని నిటారుగా, నీటికి వీలైనంత ఎత్తుగా పట్టుకోవాలి. ఫైబరు పడవలో కొయ్యకు యాంటెన్నా కట్టేవారు 6 లేక 9 డెసిబెల్ల రకం మేలనుకుంటారు. అది శక్తిని పలుచని పళ్ళెంలా పరుస్తుంది. పడవ ఊగినపుడు ఆ పళ్ళెం ఆకాశానికో నీటికో తిరుగుతుంది. బాగా ఊగే పడవకు 3 డెసిబెల్లదే నమ్మదగినది. కేబులు జాయింటులోకి ఉప్పునీరు చేరకుండా చూడాలి.

== సెట్టు ఎంపిక ==

నీటిలో తేలే, నీరు చొరని సెట్టు కావాలి. దానిని లైఫ్‌జాకెట్టుకు తాడుతో కట్టుకోవాలి. పడవ అరలో దాచినది బోల్తా పడ్డప్పుడు చేతికి రాదు. ఆపద పిలుపులకు 16వ ఛానలు, అనగా 156.8 మెగాహెర్ట్జ్, కేటాయించబడింది. "మేడే" అని మూడుమార్లు పలికి పడవ పేరు, ఉన్న చోటు, ఆపద ఏమిటి, ఎందరున్నారు అనేవి చెప్పాలి. డీఎస్‌సీ, జీపీఎస్ ఉన్న సెట్టు ఒక మీట నొక్కగానే ఉన్న చోటును 70వ ఛానలులో పంపుతుంది.

446 మెగాహెర్ట్జ్ వాకీటాకీలకు భారతదేశంలో 2018 నుండి లైసెన్సు అవసరం లేదు. అవి చవకగా దొరుకుతాయి గాని సముద్రంలో వాటిని వినేవారు లేరు. సముద్ర వీహెచ్‌ఎఫ్‌కు ప్రభుత్వ అనుమతి కావాలి. లోతట్టు నీటిలో సంగతి వేరు. కడప జిల్లా గండికోట వద్ద పెన్నానది ఎర్రమల కొండలను కోసుకొని పారుతుంది. అక్కడ తీరరక్షక దళం వినేది లేదు గనుక జట్టులోనివారు మాట్లాడుకొనుటకు వాకీటాకీ చాలు. అయితే రాతిగోడ మలుపు అవతలికి మాట అందదు. రెండు వైపులా నీరు కనిపించే గట్టుపై ఒకరు మరో సెట్టుతో ఉండాలి.

== ఇతర సాధనాలు ==

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ 2019లో వెలువరించిన జెమిని పరికరం గగన్ ఉపగ్రహాల ద్వారా తుపాను హెచ్చరికలను పడవకు చేరుస్తుంది. తిరుగు కబురు పంపలేదు. ఇస్రో రూపొందించిన ఆపద సంకేత ప్రసారిణి ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు కబురు పంపుతుంది. 2024లో వచ్చిన రెండవ తరం పరికరానికి ఒడ్డునుండి జవాబు కూడా అందుతుంది. ఫోను అందే చోట తీరరక్షక దళాన్ని 1554 నంబరుకు పిలువవచ్చును.