గూబ కక్కిన సాక్ష్యం

గుడ్లగూబ రైతుకు మిత్రుడనడానికి నమ్మదగిన సాక్ష్యం, అది వాలే చోటు కింద పడివుండే బూడిదరంగు ఉండల్లో ఉంది. అవి రెట్టలు కావు. మింగిన ఎలుక మాంసం కడుపులో కరిగిపోగా, బొచ్చూ ఎముకలూ ఉండకట్టి కొన్ని గంటలకు నోటి గుండా బయటికొస్తాయి. డేగల కంటే గూబల కడుపులో ఆమ్లం బలహీనం గనుక పుర్రెలు, దవడలు చాలావరకు మిగులుతాయి. ఉండను నానబెట్టి పట్టకారుతో విప్పితే, ఉలిలాంటి ముందుపళ్లు ఎలుకను పట్టిస్తాయి. దవడలను జతచేసి లెక్కిస్తే ఎన్ని ఎలుకలో తెలుస్తుంది.

మెత్తటి పురుగుల ఆనవాళ్లు వీటిలో సరిగా మిగలవనే అభ్యంతరం నిజమే. కానీ ప్రధానంగా ఎలుకలనే తినే బార్న్ గూబ విషయంలో ఆ లోటు చిన్నది. ఎలుకలను తిన్నంత మాత్రాన పంట దక్కినట్టేనా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. దానికి పొలంలో కన్నాలు కూడా లెక్కించాలి. గూబను అపశకునమని తరిమే ఊళ్లలో పిల్లలు ఈ పరీక్ష చేసితీరాలి. ఉండను ముందుగా వేడిచేసి క్రిములను చంపాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి.