ఇంటి కంప్యూటరు: ఎక్కడ పొదుపు, ఎక్కడ ఖర్చు?

అబ్బాయి ఇంటర్ ముగించి డిగ్రీలో చేరగానే, అమ్మాయి అకౌంటెన్సీ కోర్సు మొదలుపెట్టగానే ఇంట్లో కంప్యూటరు మాట వస్తుంది. సెల్‌ఫోనులో పాఠం వినవచ్చు గాని, ట్యాలీలో పద్దులు వేయడం, ప్రోగ్రాము రాయడం, ప్రాజెక్టు నివేదిక తయారు చేయడం అంత చిన్న తెరమీద సాగే పనులు కావు. ఇంటి పెద్ద కొన్ని నెలలుగా కూడబెట్టిన సొమ్ముతో బజారుకు బయలుదేరుతాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా, జిల్లా కేంద్రంలోని చిన్న దుకాణమైనా అక్కడ జరిగేది ఒకటే. దుకాణదారు బడ్జెట్ ఎంతో అడుగుతాడు. ఒక కాగితంమీద ఎనిమిది వరుసల కొటేషన్ రాస్తాడు: ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, మానిటర్, కీబోర్డు–మౌస్. కింద మొత్తం వేసి చేతికిస్తాడు. చాలా కుటుంబాలు ఆ కాగితంలో చదివేది చివరి అంకెను మాత్రమే.

ఆ అంకెకు పైనున్న ఎనిమిది వరుసలను ఎలా చదవాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం. ధరలు వారం వారం మారుతుంటాయి గనుక రూపాయల పట్టిక ఇవ్వడం లేదు. ఏ సంవత్సరంలోనైనా, ఎంత బడ్జెట్‌కైనా పనికివచ్చే పద్ధతిని చెప్పడమే మా ఉద్దేశం.

రెండు ప్రశ్నలు

ప్రతి భాగం విషయంలోనూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. రేపు దీన్ని మార్చవలసి వస్తే, దీనితోపాటు వేరే భాగాలను కూడా మార్చాలా? ఇది చెడిపోతే తనతోపాటు ఇతర భాగాలను కూడా పాడు చేస్తుందా? రెండింటిలో ఏ ఒక్కదానికైనా ‘అవును’ అనే జవాబు వస్తే అక్కడ పొదుపు చేయరాదు. రెండింటికీ ‘కాదు’ అని వస్తే, ఈరోజుకు సరిపడినంత మాత్రమే కొని మిగిలినది తర్వాత చేర్చుకోవచ్చు.

మొదటి ప్రశ్నకు ‘అవును’ అని చెప్పేది మదర్‌బోర్డు. రెండవదానికి ‘అవును’ అని చెప్పేది ఎస్‌ఎంపీఎస్. విచిత్రమేమిటంటే, బడ్జెట్ కుదించమని అడిగినప్పుడు చాలా కొటేషన్లలో ముందుగా కోత పడేది ఈ రెండింటి మీదనే. ఇవి బయటికి కనిపించవు. వీటి పేర్లను ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు మాత్రం తర్వాత ఎప్పుడైనా అమర్చుకోగలిగినవి. విడిభాగాలతో కూర్చిన కంప్యూటరు వల్ల కలిగే అసలు మేలు ఇదే. చేతిలో ఉన్న సొమ్ముతో మొదలుపెట్టి ఆరునెలలకో ఏడాదికో ఒక్కొక్కటి చేర్చుకుంటూ పోవచ్చు. అన్నీ ఒకేసారి కావాలని వడ్డీ వాయిదాల జోలికి పోవలసిన అగత్యం ఉండదు.

పేరు కాదు, తరం చూడాలి

‘ఐ5 కంప్యూటరు, చాలా తక్కువ ధర’ అనే మాట బజారులో తరచూ వినిపిస్తుంది. ఇంటెల్ సంస్థ ఐ5 అనే పేరును 2009 నుంచి వాడుతున్నది. కాబట్టి ఆ పేరు ఒక్కదానివల్ల ప్రాసెసర్ శక్తి ఎంతో తెలియదు. పేరు తర్వాత వచ్చే సంఖ్యను చూడాలి. ఐ5-3470 అంటే మూడవ తరం. అది 2012 నాటిది. ఐ3-12100 అంటే పన్నెండవ తరం. అది 2022లో వచ్చింది. పేరులో చిన్నదైన ఈ ఐ3, పేరులో పెద్దదైన ఆ పాత ఐ5 కంటే ఎంతో వేగంగా పనిచేస్తుంది. పాత కార్యాలయ యంత్రాలనుంచి తీసిన రెండవ, మూడవ తరం ప్రాసెసర్లను కొత్తగా తయారైన హెచ్61 బోర్డులమీద అమర్చి, కొత్త క్యాబినెట్‌లో పెట్టి అమ్మడం పరిపాటి. కంటికి కొత్తగా కనిపించినా దానిలోని ప్రాసెసర్ వయసు పదేళ్లు పైబడినదే.

ఈ తేడాకు మరో ఫలితం కూడా ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కోసం మైక్రోసాఫ్ట్ విధించిన నిబంధనల ప్రకారం ఇంటెల్‌లో ఎనిమిదవ తరం లేదా ఆ తర్వాతిది, ఏఎండీలో దాదాపుగా రైజెన్ 2000 వరుస లేదా ఆ తర్వాతిది ఉండాలి. అంతకంటే పాతదాన్ని కొనేవారు ఉబుంటు, లైనక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలకు సిద్ధపడి కొనాలి. చదువుకు, రాతపనికి అవి చక్కగా సరిపోతాయి; తెలుగు టైపింగ్ కూడా వాటిలో ఉంటుంది. అయితే పిల్లలు నేర్చుకొనే సాఫ్ట్‌వేరు విండోస్‌లో మాత్రమే నడిచేదేమో ముందుగానే కళాశాలలో అడిగి తెలుసుకోవాలి.

సంఖ్య చివరి అక్షరం కూడా ముఖ్యమే. ఇంటెల్ సంఖ్య చివర ‘ఎఫ్’ ఉంటే ఆ ప్రాసెసర్‌లో బొమ్మను తెరకు పంపే గ్రాఫిక్స్ విభాగం ఉండదు. ఐ3-12100ఎఫ్ కొంచెం చవకగా వస్తుంది. కాని విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా దాన్ని అమర్చితే తెరమీద ఏమీ కనిపించదు. ఏఎండీలో ‘జి’ అక్షరం గల రైజెన్ 5 5600జి వంటివి మంచి గ్రాఫిక్స్ విభాగంతో వస్తాయి. ఆరు కోర్లు గల ఈ ప్రాసెసర్ పెట్టెలోనే కూలర్ కూడా ఉంటుంది. చదువుకు, ఇంటి పద్దులకు, సామాన్యమైన వీడియో కూర్పుకు విడి గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు.

మదర్‌బోర్డు: రేపటికి దారి

2018లో బి450 బోర్డుమీద రైజెన్ 3 2200జి అమర్చుకున్న కుటుంబాన్ని ఊహించుకుందాం. అది నాలుగు కోర్ల సామాన్య ప్రాసెసర్. నాలుగేళ్ల తర్వాత, 2022లో వచ్చిన ఆరు కోర్ల రైజెన్ 5 5600ను అదే బోర్డుమీద, బయోస్‌ను అప్‌డేట్ చేసి అమర్చుకోగలిగారు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్ ఏదీ మార్చవలసిన పని లేదు. ‘జి’ లేని ప్రాసెసర్ గనుక ఒక గ్రాఫిక్స్ కార్డు మాత్రం చేర్చుకోవాలి. దీనికి భిన్నంగా 2017లో ఇంటెల్ ఏడవ తరం ప్రాసెసర్‌తో బోర్డు కొన్నవారి సంగతి చూడండి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఎనిమిదవ తరానికి కూడా ఎల్‌జీఏ 1151 అనే అదే పేరుగల సాకెట్ ఉన్నప్పటికీ, పాత బోర్డులు పనికిరాలేదు. కొత్త బోర్డు కొనవలసి వచ్చింది.

కనుక ‘ఈ బోర్డుమీద రేపు ఇంతకంటే పెద్ద ప్రాసెసర్ ఏది కూర్చుంటుంది?’ అని దుకాణంలో తప్పక అడగాలి. నేడు ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ చవకైనది. అయితే దాని దారి దాదాపు చివరికి వచ్చింది. 2022లో వచ్చిన ఏఎం5కు ముందుదారి ఎక్కువ. కాని అది డీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే స్వీకరిస్తుంది. ఐదారేళ్లు ప్రాసెసర్ మార్చే ఆలోచన లేనివారికి ఏఎం4 చాలు. రెండు మూడేళ్లలో పెంచుకోవాలనుకొనేవారికి ఏఎం5 మేలు. ఇంటెల్ పన్నెండు, పదమూడు, పద్నాలుగు తరాలు మూడూ ఒకే ఎల్‌జీఏ 1700 సాకెట్‌మీద పనిచేస్తాయి. కొత్త తరాలకు బయోస్ అప్‌డేట్ కావలసి రావచ్చు.

బోర్డుమీద మరి మూడు విషయాలు చూడాలి. ర్యామ్ స్లాట్లు కనీసం రెండు ఉండాలి. ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీకి ఎం.2 స్లాట్ ఉండాలి. ఇంట్లో ఉన్న పాత మానిటర్‌కు సరిపోయే వీజీఏ లేదా హెచ్‌డీఎంఐ రంధ్రం ఉండాలి.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ: నేడు కొంత, రేపు కొంత

డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌లకు గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని స్థానంలో మరొకటి పట్టదు. ఒకే 16 జీబీ కర్ర కంటే రెండు 8 జీబీ కర్రలు వేస్తే ప్రాసెసర్‌కు సమాచారం రెండు దారులలో అందుతుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ విభాగం ర్యామ్‌నే వాడుకుంటుంది గనుక ఈ తేడా దానికి బాగా తెలుస్తుంది. డేటా కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరినుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. సొమ్ము చాలనివారు నేడు ఒక 8 జీబీ కర్రతో మొదలుపెట్టి, రెండవ స్లాట్‌ను ఖాళీగా ఉంచుకోవడం వివేకం. తర్వాత అదే పరిమాణం, అదే వేగం గల రెండవదాన్ని చేర్చుకోవాలి.

విండోస్ ఉండేది ఎస్‌ఎస్‌డీ మీదనే కావాలి. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 నుంచి 200 ఎంబీ చదివితే, సాటా ఎస్‌ఎస్‌డీ 550 వరకు, ఎన్‌వీఎంఈ రకం అంతకు ఎన్నో రెట్లు చదువుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో నెమ్మదైన సాటా రకం కూడా వస్తుంది. అందువల్ల కొటేషన్‌లో ‘ఎన్‌వీఎంఈ’ అని స్పష్టంగా రాయించుకోవాలి. ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి ఇంట్లోని పాత హార్డ్ డిస్క్ ఉంటే దాన్నే అమర్చుకోవచ్చు.

ఎస్‌ఎంపీఎస్: పొదుపు తగని చోటు

గోడలోని విద్యుత్తును కంప్యూటరుకు తగినట్లు మార్చి అందించేది ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తోపాటు ‘ఉచితంగా’ వచ్చేవాటిమీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా నమ్మరాదు. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడిని చూడాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వాడుకొనేది ప్రధానంగా ఆ విద్యుత్తునే. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే 12ను 16తో గుణించండి. వచ్చేది 192 వాట్లు మాత్రమే. 36 ఆంపియర్లు అని ఉంటే 432 వాట్లు. ‘80 ప్లస్’ ముద్ర ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఆ ముద్రకు ప్రాతిపదికగా ఉన్న నియమం ప్రకారం తీసుకొన్న విద్యుత్తులో కనీసం 80 శాతం కంప్యూటరుకు చేరాలి. మిగిలినది వేడిగా పోతుంది. అవసరానికి మించిన 650, 750 వాట్లు కూడా అక్కరలేదు. 65 వాట్ల ప్రాసెసర్, విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రానికి నాణ్యమైన 450 వాట్లు ధారాళంగా సరిపోతాయి. రేపు ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ వంటి 70 వాట్ల చిన్న కార్డు చేర్చినా ఇబ్బంది ఉండదు.

మన ఇళ్లలో మరో సంగతి గమనించాలి. క్యాబినెట్‌ను తాకినప్పుడు వేళ్లు జివ్వుమంటే ప్లగ్గు పాయింటుకు ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించాలి. పిల్లలు కూర్చునే యంత్రం గనుక ముందు ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ సరిచేయించుకోండి. అలంకారపు రంగు దీపాల క్యాబినెట్‌కు పెట్టే సొమ్ములో కొంత దానికి చాలు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతాలలో క్యాబినెట్‌కు ముందువైపు అద్దం కంటే జాలీ ఉండడం, గాలి లోపలికి ఒకటి, బయటికి ఒకటి చొప్పున రెండు ఫ్యాన్లు ఉండడం ముఖ్యం.

పాతవాటి సంగతి

కార్యాలయాలనుంచి బయటికి వచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ యంత్రాలు చవకగా దొరుకుతాయి. ఎనిమిదవ తరం ఐ5-8500 గలది దొరికితే ఆరు కోర్లతో అది చదువుకు చక్కగా పనికివస్తుంది. అయితే పైన చెప్పిన మొదటి ప్రశ్న ఇక్కడ కూడా వేసుకోవాలి. ఇటువంటి యంత్రాలలో బోర్డు, ఎస్‌ఎంపీఎస్ చాలావరకు ఆయా సంస్థల సొంత కొలతలతో ఉంటాయి. బజారులో దొరికే మామూలు భాగాలు వాటికి పట్టవు. ఉన్నది ఉన్నట్లు కొన్నేళ్లు వాడుకుంటామనేవారికి అవి తగినవి. పెంచుకుంటూ పోవాలనుకొనేవారికి కావు. భాగాలను విడిగా పాతవి కొనేటప్పుడు ప్రాసెసర్, ర్యామ్ కొంత నమ్మదగినవి. పాత ఎస్‌ఎంపీఎస్, పాత ఎస్‌ఎస్‌డీ కొనకపోవడమే మంచిది.

దశలవారీ ప్రణాళిక

బడ్జెట్ తక్కువగా ఉన్న కుటుంబానికి మేము సూచించే క్రమం ఇది. మొదట గ్రాఫిక్స్ విభాగం గల ప్రాసెసర్, ముందుదారి ఉన్న బోర్డు, ఒక 8 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ, మంచి ఎస్‌ఎంపీఎస్, సాదా క్యాబినెట్. ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంటే కొన్నాళ్లు అదే మానిటర్. రెండవ దశలో మానిటర్, రెండవ ర్యామ్. మూడవ దశలో, చదువు నిజంగా కోరితేనే, గ్రాఫిక్స్ కార్డు.

బిల్లు, పరీక్ష

విడిభాగాలమీద జీఎస్‌టీ 18 శాతం. ‘బిల్లు లేకపోతే ఆ మేరకు తగ్గిస్తాం’ అనే మాటకు ఒప్పుకోకండి. అది న్యాయమైన పద్ధతి కాదు. పైగా భాగం చెడినప్పుడు వారంటీకి చూపవలసింది ఆ కాగితమే. పెట్టెతో అమ్మే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. ‘ట్రే’ పేరుతో పెట్టె లేకుండా అమ్మేవాటికి దుకాణదారు మాటే హామీ. ప్రతి భాగం సీరియల్ నంబరును బిల్లుమీద రాయించుకోండి.

యంత్రాన్ని ఆటో ఎక్కించేముందు దుకాణంలోనే ఆన్ చేయించండి. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంతో, ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఎస్‌ఎస్‌డీ ఇంతవరకు ఎన్ని గంటలు నడిచిందో చూపుతుంది. కొత్తదైతే ఆ సంఖ్య చాలా చిన్నది. వందలు, వేలు ఉంటే అది వాడినది. చూసినవాటిని కొటేషన్‌లోని వరుసలతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. అన్నీ కలిసిన తర్వాతే డబ్బు చెల్లించండి.