పళ్ళకు క్లిప్పు ఎందుకు? ఎట్ల చూసుకోవాలె?

పళ్ళకు క్లిప్పు పెట్టుకొని ఒక పిల్ల బడికి వస్తే అందరూ ఆమె నోట్లోకే చూస్తరు. "ఇనుప పళ్ళు" అని పేరు కూడ పెడతరు. ఆమె నవ్వుడు మానేస్తది. క్లిప్పు సోకు కోసం కాదు. పంటి మీద పన్ను వస్తే సందుల్లో అన్నం ఇరికి పళ్ళు పుచ్చుతయి, చిగుళ్ళు వాస్తయి. అది అదృష్టమని కొందరు పెద్దోళ్ళు అంటరు గాని పంటి డాక్టర్లు అట్ల అనరు.

పన్ను ఎట్ల జరుగుతది? దవడ ఎముక రాయి కాదు, ప్రాణమున్నది. తీగ పన్నును మెల్లగ ఒక దిక్కు నెట్టుతుంటే ఆ దిక్కు ఎముక కరుగుతది, వెనుక కొత్త ఎముక పుడతది. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతది. అందుకే ఏడాదిన్నర, రెండేండ్లు పడుతది.

మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి ఉంటది. పప్పన్నం మెత్తగ పిసుక్కొని తినాలి. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. తీగ బుగ్గకు గీరితే డాక్టరు ఇచ్చిన మైనం దాని మీద అద్దాలి. తిన్న ప్రతిసారీ బ్రష్షుతో తోమాలి, నల్లా కాడ లైను ఉన్నా సరే. యాప పుల్ల తీగ కిందికి పోదు. తోమకపోతే పంటి మీద తెల్ల మచ్చలు పడతయి, క్లిప్పు తీసినా అవి పోవు. మక్క కంకి కొరకొద్దు, ఉడికిన గింజలు ఒలుచుకోవాలి. జామపండు ముక్కలు కోసుకోవాలి. సకినాలు, చెరుకు, పల్లిపట్టి వద్దు.

మన దిక్కు ఇంకో సంగతి ఉన్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ 2016 దాకా ఒకటే నల్లగొండ జిల్లా. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు. జిల్లాలో చాలా ఊర్ల బోర్లలో దాటింది. 1996 ఎన్నికల్లో నల్లగొండ పార్లమెంటు సీటుకు 480 మంది నిలబడ్డది ఈ నీళ్ళ బాధ చెప్పనీకే. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగితే పచ్చ, గోధుమ రంగు మచ్చలు వస్తయి. తోమనందుకు వచ్చినయి కావు, ఎవర్నీ ఎక్కిరించొద్దు. క్లిప్పు బిళ్ళ అంటించే ముందు డాక్టరు పంటి మీద మందు పూసి గరుకు చేస్తడు. మచ్చలు ఎక్కువున్న పంటికి ఆ మందు సరిగ పట్టదు, బిళ్ళ ఊడే భయం ఎక్కువ. అట్లాంటి పళ్ళున్నోళ్ళు గట్టివి అసలే కొరకొద్దు.

హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉన్నది. ఎక్కడ పెట్టించుకున్నా డాక్టరు రమ్మన్నప్పుడల్లా, సుమారు నెలకోసారి, పోవాలి. కూలికి పోయే అమ్మానాయినలకు ప్రతి నెల బస్సు కిరాయి, ఒక రోజు కూలి పోతది. మధ్యల మానేసి క్లిప్పు నోట్లనే ఉంచుకుంటే పళ్ళు పాడైతయి, పెట్టిన పైసలు పోతయి. అందుకని ఎవరు తీసుకపోతరు, హాస్టలు నుంచి ఎట్ల పంపుతరు అనేది వార్డెను మేడంతో ముందే మాట్లాడుకోవాలి.

తీసేసినాక ఇంకో పల్చటి క్లిప్పు ఇస్తరు, పళ్ళు మళ్ళ పాత జాగకు పోకుండ. తినేటప్పుడు అది తీస్తే డబ్బీలనే పెట్టాలి. కాగితంల చుడితే చెత్తతోపాటు ఊడ్చి పారేస్తరు.