నిద్రమాత్ర రాయని వైద్యం

దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది 2020 మార్చి 25న. కల్లు దుకాణాలు మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బాధితుల తాకిడి పెరిగింది. చేతుల వణుకు, ఫిట్స్, పొంతన లేని మాటలు, కంటిమీద కునుకు లేని రాత్రులు. వాళ్లలో చాలామంది ఒంటికి అలవాటైంది కల్లు ఒక్కటే కాదు, అందులో కల్తీ చేసిన అల్ప్రాజోలం కూడా. ఆందోళనకూ నిద్రకూ డాక్టర్లు రాసే మందు అది. రోజూ అందుతున్నది ఒక్కసారిగా ఆగేసరికి శరీరం తిరగబడింది.

అదే మార్చి 25 తేదీతో కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. దూరవైద్యం తెలుగు నేలకు అప్పటికే పరిచయం. చిత్తూరు జిల్లా అరగొండలో 2000లోనే అపోలో సంస్థ అలాంటి కేంద్రం తెరిచింది. వీడియో, ఫోన్, మెసేజ్ ద్వారా రిజిస్టర్డ్ డాక్టరు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో దేశమంతటికీ వర్తించేలా చెప్పింది మాత్రం ఈ మార్గదర్శకాలే. మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉన్న మందులను ఈ పద్ధతిలో రాయడాన్ని అవి నిషేధించాయి. అల్ప్రాజోలం, జోల్పిడెం అనే నిద్రమాత్ర ఆ జాబితాలోనివే.

“నిద్రమాత్రే రాయనప్పుడు ఫోన్‌లో సైకియాట్రిస్టుతో మాట్లాడి ఏం లాభం?” అని అడిగేవాళ్లు చాలామంది. చాలా లాభం ఉంది. నెలల తరబడి వేధించే నిద్రలేమికి మొదట ఇవ్వాల్సిన వైద్యంలో మాత్ర లేదు. ఆ వైద్యం ఫోన్‌లో చక్కగా సాగుతుంది.

నిద్రను నడిపేవి రెండు

నిద్రను రెండు శక్తులు నడుపుతాయని శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో వివరించాడు. మొదటిది నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగవుతుంది, నిద్రలో తరుగుతుంది. కాఫీ, టీల్లోని కెఫీన్ ఈ అడినోసిన్ పనికి అడ్డుపడుతుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం ఆరింటికి తాగిన చాయ్ ప్రభావం రాత్రి పదకొండింటికీ ఎంతోకొంత మిగిలే ఉంటుంది. రెండోది శరీర గడియారం. పొద్దుటి వెలుతురు దాన్ని సరిచేస్తుంది, రాత్రిపూట లైట్లు వెనక్కి నెడతాయి. అమెరికా వేళల్లో పనిచేసి తెల్లవారుజామున క్యాబ్ దిగే ఉద్యోగి బాధకు మూలం చాలాసార్లు ఈ గడియారమే.

పరీక్ష, ఇంటర్వ్యూ, ఉద్యోగం పోవడం లాంటి కారణాలతో నాలుగు రాత్రులు నిద్ర చెడితే అది జబ్బు కాదు. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు సాగి, పగటి పనిని దెబ్బతీస్తే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. మొదటి కారణం తీరిపోయాక కూడా నిద్ర ఎందుకు రాదో ఆర్థర్ స్పీల్‌మన్ 1980లలో చెప్పాడు. పోయిన నిద్రను పూడ్చుకోవాలని మనిషి పెందలాడే పడుకుంటాడు, పొద్దెక్కేదాకా లేవడు, మధ్యాహ్నం కునుకు తీస్తాడు, రాత్రి పదేపదే టైమ్ చూసుకుంటాడు. నిద్ర కోసం చేసే ఈ పనులే నిద్ర ఒత్తిడిని తగ్గించి, మంచం ఎక్కగానే బెంగ పుట్టిస్తాయి.

డైరీతో మొదలు

ఈ ముడిని విప్పే పద్ధతి పేరు సీబీటీ-ఐ, అంటే నిద్రలేమి కోసం రూపొందించిన ఆలోచన, ప్రవర్తనల చికిత్స. సాధారణంగా వారానికొకటి చొప్పున నాలుగు నుంచి ఎనిమిది సార్లు కూర్చుంటే సరిపోతుంది. ముందు నిద్ర డైరీ రాయిస్తారు. హైదరాబాద్ పంజాగుట్టలో ఉంటూ అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుంటున్న ఒక పాతికేళ్ల కుర్రాడిని ఊహించుకుందాం. రాత్రి పదిన్నరకు మంచమెక్కి ఉదయం ఏడింటికి దిగుతున్నాడు. మంచంమీద ఎనిమిదిన్నర గంటలు. వారం డైరీ చూస్తే నిజంగా పట్టిన నిద్ర సగటున ఐదున్నర గంటలు. అంటే మంచంమీది కాలంలో నిద్ర 65 శాతమే.

డాక్టరు చెప్పేది వినడానికి వింతగా ఉంటుంది. “ఇక మీదట రాత్రి ఒంటిగంటకు పడుకో, ఆరున్నరకు లే. పగలు పడుకోవద్దు.” ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఈ చికిత్స కోరుకునేది సరిగ్గా ఆ నిద్రాకలినే. మొదటి వారం కష్టంగానే గడుస్తుంది, పగలు మత్తుగా ఉంటుంది. నిద్ర శాతం 85 దాటాక పడుకునే వేళను పావుగంట చొప్పున ముందుకు జరుపుతారు. దీనికి తోడు, 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పిన నియమం ఒకటి ఉంది. మంచం నిద్రకే. ఎంతకీ నిద్ర రాకపోతే లేచి వేరేచోట కూర్చోవాలి, కళ్లు బరువెక్కాకే తిరిగి రావాలి.

ఆ నియమం అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో చిక్కుల్లో పడుతుంది. ముగ్గురో నలుగురో ఉండే గదిలో మనిషికి దక్కేది ఒక్క మంచం. ల్యాప్‌టాప్ పెట్టుకునేదీ, కర్రీ పాయింట్ పార్శిల్ విప్పుకునేదీ, ఇంటికి ఫోన్ చేసేదీ దానిమీదే. క్లినిక్‌లో కూర్చున్న డాక్టరుకు ఇదంతా కనిపించదు. వీడియో కాల్‌లో ఫోన్ అటూ ఇటూ తిప్పితే మంచానికి సరిగ్గా పైనున్న ట్యూబ్‌లైటు, పక్కనే రాత్రి రెండింటి దాకా చదివే రూమ్‌మేట్ టేబుల్ కనిపిస్తాయి. అప్పుడు సలహా ఆ గదికి తగినట్టు ఉంటుంది. పగలు పరుపు చుట్టేసి చాపమీద కూర్చోవడం, రాత్రి తలవైపు మార్చుకోవడం, కళ్లకు గంతలు కట్టుకోవడం, నిద్ర రానప్పుడు వరండాలోని ప్లాస్టిక్ కుర్చీలోకి మారడం. దూరవైద్యం వల్ల కలిసివచ్చే అసలు మేలు ఇది.

పెద్దల్లో దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట సీబీటీ-ఐ ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫార్సు చేసింది. వీడియోలో ఇచ్చిన ఈ చికిత్స ఎదురుగా కూర్చుని ఇచ్చినదానికి తీసిపోదని మిచిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. మాత్ర పనిచేసేది వేసుకున్న రాత్రికే. సీబీటీ-ఐలో నేర్చుకున్నది చికిత్స ముగిశాక కూడా అక్కరకొస్తుంది.

ఫోన్ చాలని చోట్లు

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేచేవాళ్లకు స్లీప్ ఆప్నియా ఉండొచ్చు. వాళ్లకు నిద్ర పరీక్ష చేయాలి. పరీక్ష లేకుండా నిద్రమాత్ర వేసుకుంటే శ్వాస మరింత ఇబ్బంది పడవచ్చు. బైపోలార్ జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లకు నిద్ర వేళలు కుదించడం ప్రమాదం. రోజంతా బండి నడిపే డ్రైవర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అందుకే ఈ చికిత్సను యూట్యూబ్ చూసి సొంతంగా మొదలుపెట్టకుండా డాక్టరు అడిగే ప్రశ్నలకు ముందు జవాబు చెప్పాలి.

నెలల తరబడి అల్ప్రాజోలం వేసుకుంటున్నవాళ్లు ఈ వ్యాసం చదివి రేపటి నుంచి మానేయకండి. ఎర్రగడ్డకు వచ్చినవాళ్లకు జరిగింది అదే. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. ఫోన్‌లో మాట్లాడిన డాక్టరు “ఒకసారి నేరుగా రండి” అంటే అది మీ మేలుకే.

ఎవరిని అడగాలో తెలియనివాళ్ల కోసం 14416 ఉంది. కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు అది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ముందు కౌన్సిలర్ వింటారు, అవసరమైతే పై స్థాయి నిపుణులకు అప్పగిస్తారు. నిద్రలేమితో పాటు బతకాలనిపించకపోవడం మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఆ నంబరుకు ఫోన్ చేయండి. ప్రైవేటు యాప్‌లో చూపించుకుంటే డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ప్రిస్క్రిప్షన్‌మీద ఉన్నాయో లేదో చూసుకోండి.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా కోర్సుల పోస్టర్లే. ఉద్యోగం కోసం ఊరు వదిలి వచ్చిన పిల్లలు ఆ గోడల మధ్యే ఏడాదీ రెండేళ్లూ గడుపుతారు. నిద్ర లేనివాడికి నేర్చుకున్నది గుర్తుండదు. హాస్టల్ యజమానులు నోటీసు బోర్డుమీద 14416 నంబరు రాసిపెట్టాలి, రాత్రి పదకొండు దాటాక గదుల్లో పెద్ద లైటు ఆర్పేయాలి. కోచింగ్ సెంటర్లు మొదటి రోజు క్లాసులో పది నిమిషాలు నిద్ర గురించి చెప్పాలి. పైసా ఖర్చు లేని ఈ పనులు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.