డేటాబేస్ అందకపోతే తప్పు కేబుల్‌దేనా?

చెన్నై, అండమాన్ నికోబార్ దీవుల మధ్య సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు దీవులకు ఉపగ్రహ లింకులే ప్రధాన ఆధారం. అందువల్ల శ్రీ విజయపురం శివారులోని గరాచర్మలో ఒక కంప్యూటరుకు డేటాబేస్ అందకపోతే మొదటి అనుమానం లైను మీదికే పోతుంది. అయితే ఒరాకిల్ చూపే దోషసంఖ్యను గమనిస్తే కారణం చాలాసార్లు వేరుగా తేలుతుంది.

లిజనర్ అనేది సర్వర్‌లోని ద్వారపాలకుడు. సాధారణంగా 1521 పోర్టు వద్ద వేచి ఉండి, వచ్చిన అభ్యర్థనను తగిన సర్వీసుకు అప్పగిస్తుంది. అందుకే అది ఆగినా అప్పటికే పనిచేస్తున్నవారికి ఆటంకం కలగదు. కొత్తవారికే ప్రవేశం ఉండదు.

12154 వస్తే లోపం క్లయింటు వద్దే: ఇచ్చిన పేరుకు చిరునామా దొరకలేదు. 12541 అంటే ఆ చిరునామాలో, ఆ పోర్టులో లిజనర్ లేదు. 12514 అంటే లిజనర్ ఉంది, కోరిన సర్వీసు దానికి తెలియదు. లిజనర్‌ను తిరిగి ప్రారంభించిన తరువాత డేటాబేస్ తనను తాను నమోదు చేసుకోవడానికి ఒక నిమిషం వరకు పట్టవచ్చు. గడువు మించిందని చెప్పే 12170 వచ్చినప్పుడే లైనును, ఫైర్‌వాల్‌ను ప్రధానంగా అనుమానించాలి.

సర్వర్‌లో లిజనర్ స్థితిని, క్లయింటు నుంచి టీఎన్‌ఎస్‌పింగ్‌ను పరీక్షించడం తొలి మెట్టు. టీఎన్‌ఎస్‌పింగ్ విజయం లిజనర్ అందుతోందని మాత్రమే చెబుతుంది, డేటాబేస్ సిద్ధంగా ఉందని కాదు. సంఖ్య చూడకుండా డేటాబేస్‌నే ఆపి మళ్లీ ప్రారంభిస్తే, సజావుగా సాగుతున్న ఇతరుల పని కూడా మధ్యలో తెగిపోతుంది.